మూడు గీతలు

నడవనీ. గంటసేపు ఆవిణ్ణి ఆ వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడవనీ, చల్లటి నీళ్ళు తాగనీ, తీపిగా ఏదైనా తిననీ, కాసేపు ఎడమవైపుకు ఒత్తిగిలి పడుకోనీ, కడుపులో ఉన్న మహానుభావుడో మహానుభావురాలో మనసు మార్చుకుని మొహం ఇటు తిప్పేదాకా నేను రిపోర్టు మీద సంతకం పెట్టను, పెట్టనంటే పెట్టను. ఈ మాట పైకి అన్నది ఒక్కసారే, పదకొండుంపావుకు, పెద్దడాక్టరుగారి ఎదురుగానే. లోపల మాత్రం అప్పట్నుంచి అదే నడుస్తోంది, కోపంతోనే, భయం కాదు, కొంచెం భయం కూడా ఉందేమో, ఉండనీ. స్కానింగ్ స్క్రీన్ మీద బొమ్మను కదలకుండా ఆపి పెట్టాను. గదిలో ఆ వెలుగు తప్ప వెలుగు లేదు. ఖాళీ మంచం మీద నలిగిన కాగితం దుప్పటి, గిన్నెలో వేడినీళ్ళు, నీళ్ళలో జెల్ సీసా. బొమ్మలో ఇరవయ్యొక్క వారాల బిడ్డ తల, మహా అయితే పెద్ద నిమ్మకాయంత, దాని నడిమధ్య నిలువునా ఒక గీత, ఆ గీతకు ముందుభాగంలో, ఉండాల్సిన చోట, రెండు గీతల మధ్య ఉండాల్సిన చిన్న నల్లటి పెట్టె లేదు. మూడు గీతలున్నాయి. ఎన్నిసార్లు లెక్కపెట్టినా మూడే.

బయటివాళ్ళకు చెబితే నవ్వుతారు, గీతలు లెక్కపెట్టుకోవడానికా ఇన్నేళ్ళు చదివావు అని మా ఇంటాయన నవ్వనే నవ్వాడు. అవును, అందుకే. రెండు గీతలైతే పెట్టె. మూడైతే పెట్టె కాదు, దాని అడుగున ఉండే వేరే భాగం. పెట్టె కనిపిస్తే దాని మీద వంతెన ఉన్నట్టే లెక్క, కుడి మెదడుకూ ఎడమ మెదడుకూ నడుమ రాకపోకలు సాగే వంతెన. పెట్టె కనిపించకపోతే వంతెన ఉండొచ్చు, సగమే ఉండొచ్చు, అసలు లేకపోవచ్చు. చెయ్యి రవ్వంత కిందికి వాలినా, అన్నీ సవ్యంగా ఉన్న బిడ్డలో కూడా మూడు గీతలే కనిపిస్తాయి, అదీ చిక్కు. మూడింటిని పెట్టె అనుకునే తప్పు, దారిన పోయేవాళ్ళు చెయ్యలేరు, వాళ్ళకు ఇదంతా బూడిదరంగు మబ్బు. రోజుకు ముప్పై నలభై తలలు చూసే మాబోటివాళ్ళమే చెయ్యగలం, తెలుపూ నలుపూ చారలు కంటబడగానే పెట్టె అనేసుకుని చిన్నమెదడు దగ్గరికి వెళ్ళిపోవడం. పక్కనుంచి చూస్తే వంతెన నేరుగా కనిపిస్తుంది, కానీ దానికి మాడు కావాలి, ఎముక ఇంకా కలవని ఆ మెత్తటి చోటొక్కటే మాకు కిటికీ. ఈ బిడ్డ వీపు మావైపు పెట్టి బోర్లా పడుకుంది, కిటికీ అటువైపు ఉండిపోయింది. నలభై నిమిషాలు తంటాలు పడ్డాను. పొట్టను అటూ ఇటూ కదిపాను, తల్లిని దగ్గమన్నాను, నవ్వమన్నాను, ఆవిడ నిజంగానే పగలబడి నవ్వింది, బిడ్డ మాత్రం చలించలేదు.

అప్పుడొచ్చారు పెద్దడాక్టరుగారు, ఈ సెంటరు కట్టినాయన, నాకు ఈ పని నేర్పినాయన. బయట కుర్చీలు నిండిపోయాయని ఎవరో చెప్పి ఉంటారు. నా భుజం మీదుగా వంగి, పొట్ట మీద ఆనించే ప్రోబ్ అందుకుని, అర నిమిషం, అంతకంటే ఒక్క క్షణం ఎక్కువ కాదు, అలా ఒకసారి తిప్పి ఇచ్చేశారు. తల్లిని ఒళ్ళు తుడుచుకుని బయట కూర్చోమన్నారు. ఆవిడ వెళ్ళాక, "పెట్టె ఉందమ్మాయ్. రాసెయ్," అన్నారు. నాకు నలభై నాలుగేళ్ళు, ఇంకా అమ్మాయినే. మూడు గీతలు సార్ అన్నాను. మెదడులోని నీటి గదుల కొలత ఏడు మిల్లీమీటర్లు వచ్చింది, చిన్నమెదడు చక్కగా ఉంది, వెన్ను బాగుంది, ఇంకేం కావాలి నీకు అన్నారు. పెట్టె కావాలన్నాను. నువ్వు పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు అని నవ్వారు. నేను నవ్వలేదు. ఆ చోటు కనిపించలేదని రాస్తాను, లేదంటే గంట నడిపించి మళ్ళీ చూస్తాను, రెండే దారులు, మూడోది లేదన్నాను. కనిపించలేదని రాస్తే ఆ పిల్ల తన బిడ్డకు మెదడే లేదనుకుంటుంది, తిండీ నిద్రా మానేస్తుంది, కడుపుతో ఉన్నదాన్ని బెదరగొట్టడం డాక్టరు పని కాదన్నారు. ఆయన గొంతులో నిజంగానే జాలి ఉంది, అదే నన్ను ఎక్కువ మండించింది. గంట టైమిచ్చారు. ఆ గంటలో రావలసిన నా పేషెంట్లందరినీ తన గదికి పిలిపించుకున్నారు, అది సాయం కాదు, చురక. పన్నెండుంపావుకు కూడా నువ్వు రాయకపోతే నేనే సంతకం పెడతాను, నువ్వు రేపట్నుంచి పక్కగదిలో కిడ్నీలో రాళ్ళు చూసుకో అన్నారు.

రాళ్ళు చూసుకోవడం తప్పు పనేం కాదు, రాయి రాయే, ఉంటే తెల్లగా మెరుస్తుంది, కింద నీడ పడుతుంది, దాని కోసం ఎవరితోనూ గొడవ పడక్కర్లేదు. కానీ నాకు ఈ గదే కావాలి. పద్దెనిమిదేళ్ళ కిందట ఇదే మంచం పక్కన ఆయన నా చెయ్యి మీద తన చెయ్యి వేసి, ప్రోబ్‌ను పెన్సిల్‌లా పట్టుకోమ్మా, పారలా కాదు అన్నారు. ఆ వేళ మొదటిసారి చూశాను పెట్టెను. అంత చిన్న చీకటి అంత బుద్ధిగా తన చోట తాను కూర్చుని ఉండడం చూసి నాకు ఏడుపొచ్చింది, ఆయన చూడనట్టు నటించారు. నా కూతురు కడుపులో ఉన్నప్పుడు మధ్యాహ్నం అన్నాల వేళ లోపల గడియ వేసుకుని నాకు నేనే చూసుకునేదాన్ని, ఎడంచేత్తో స్క్రీన్ తిప్పుకుని కుడిచేత్తో వెతుక్కుంటూ. ఒకరోజు ఆయన తలుపు తట్టి, నీ బిడ్డకు సిగ్గూ శరం లేకుండా చేస్తున్నావు, రోజూ ఫొటోలేమిటి అని కసిరి, లోపలికొచ్చి పది నిమిషాలు తానే చూశారు. ఆ రోజుల్లో పది నిమిషాలు చూసేవారు. పెట్టె చూపించారు, వంతెన చూపించారు, దాని మీద విల్లులా వంగి వెళ్ళే రక్తనాళాన్ని రంగులో చూపించారు, "కంటికి తొందరెక్కువ. దాన్ని నమ్మకు. రెండోసారి చూడు," అన్నారు. నేను నేర్చుకున్నాను, నేర్పినాయన మరిచిపోయారు, ఇప్పుడు గురువుగారి పాఠం గురువుగారికే అప్పజెబితే పొగరు అంటున్నారు.

పొగరే. ఉండాలి కూడా. అది లేని రోజు ఒకటుంది, ఆ రోజు గురించి ఈ గదిలో నాకూ ఆయనకూ తప్ప ఎవరికీ తెలియదు. జెల్ అక్కకు తెలుసు, సీసాలు వేడిచేసి గది చూసుకునే ఆవిణ్ణి అందరం అలాగే పిలుస్తాం, అక్కకు తెలియనిది ఈ కట్టడంలో ఏదీ లేదు. సాయంత్రం పావు తక్కువ ఆరు, నలభైమూడో పేషెంటు, ఆమె బస్సు కండక్టరు, డ్యూటీ దిగి యూనిఫారంతోనే వచ్చింది, నిలబడి నిలబడి వాచిన కాళ్ళు. బిడ్డ ఇలాగే బోర్లా ఉంది. గీతలు కనిపించాయి. ఎన్ని అని నేను లెక్కపెట్టలేదు. ఇక్కడొక పద్ధతుంది. రిపోర్టు ఫారం కంప్యూటర్లో ముందే నింపి ఉంటుంది, మెదడులో ఇది ఉంది, సరిగా ఉంది, అది ఉంది, సరిగా ఉంది, పైనుంచి కిందిదాకా. ఏదైనా తేడా కనిపిస్తే ఆ వాక్యం మాత్రం చెరిపి మార్చాలి. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, బిడ్డను చూడకముందే బిడ్డ బాగుందని ఫారం చెబుతుంది. ఆ సాయంత్రం నేను అబద్ధం రాయలేదు. రాసి ఉన్న అబద్ధాన్ని కదపలేదు, అంతే. సంతకం పెట్టి, చేతులు కడుక్కుని, ఇంటికెళ్ళి, అన్నం తిన్నాను.

నాలుగేళ్ళ తరవాత ఒక ఉదయం ఆమె వచ్చింది, స్కాన్ కోసం కాదు. వెంట ఆ పిల్లవాడు. చొక్కా గుండీలు ఒకదాని బదులు ఒకటి పెట్టుకున్నాడు, సరిచెయ్యబోతే తల్లి వద్దంది, తనే పెట్టుకోవాలట, పొద్దున ముప్పై నిమిషాలు పట్టిందట. కుడిచెయ్యి ఏం చేస్తోందో ఎడమచేతికి కబురందదు, వంతెన లేదు కదా. నడక ఆలస్యమైంది, మాట మాత్రం గడగడా వచ్చింది. వాడు నేరుగా ఈ గదిలోకి వచ్చి, స్విచ్ దగ్గర నిలబడి, లైటు వేసి ఆర్పి, వేసి ఆర్పి, "ఈ చీకటి ఎవరిది?" అని అడిగాడు. నాది అన్నాను. బాగుంది అన్నాడు. ఆమె సంచిలోంచి పాత రిపోర్టు తీసింది, పెట్టె ఉంది, సరిగా ఉంది అన్న ఒక్క వాక్యం కింద నీలం సిరాతో గీత. నేను తయారుగా ఉన్నాను, తిడుతుందని, ఏడుస్తుందని, కోర్టంటుందని. ఆమె గొంతు పెంచలేదు. వీడు పుట్టినందుకు కాదు నేను వచ్చింది, వీడు నా ప్రాణం అంది. ముందే తెలిసి ఉంటే ఉంచుకునేదాన్నో లేదో ఇప్పుడు చెప్పలేను, అది మీరు నన్ను అడగకూడదు, ఆ ప్రశ్న నాది, నా దగ్గరికి రాకుండా మీరు మధ్యలో మింగేశారు అంది. వీడికి రెండేళ్ళు నిండి ఆస్పత్రివాళ్ళు కారణం చెప్పేదాకా అందరూ నా పెంపకంలో లోపమన్నారు, మా అమ్మ కూడా అంది, నేనూ అనుకున్నాను అంది. చివరికి ఆ కాగితాన్ని నా ముందు పెట్టి అడిగింది.

"నేను టికెట్ కొట్టకుండా కొట్టానని రాస్తే నా ఉద్యోగం పోద్ది మేడమ్. మీరు చూడకుండా చూశానని రాస్తే ఏం పోద్ది?"

 పెద్దడాక్టరుగారు వచ్చి యంత్రానికి కొన్ని హద్దులుంటాయమ్మా అని ఎంతో మర్యాదగా వివరించారు. ఆమె ఆయన చెప్పేది మొత్తం విని, పిల్లవాడికి చెప్పులు వేసుకునేంత వ్యవధి ఇచ్చి, వెళ్ళిపోయింది. క్షమించమని అడగాలని నాకు తట్టేసరికి వాళ్ళు మెట్లు దిగిపోయారు, పరిగెత్తి ఉండొచ్చు, నేను పరిగెత్తలేదు, సిగ్గేసింది. ఆ సాయంత్రం ఫారంలోంచి ఆ వాక్యాన్ని తీసేశాను. మర్నాటికి మళ్ళీ వచ్చి కూర్చుంది. మళ్ళీ తీశాను, మళ్ళీ వచ్చింది, అన్ని గదుల్లోనూ ఒకే ఫారం ఉండాలని ఆయన హుకుం. సరే, మీ ఫారం మీది, నా వేలు నాది. మూడేళ్ళుగా ప్రతి తల్లికీ ప్రోబ్ ఆనించకముందే ఆ వాక్యం చెరిపేస్తాను, ఖాళీ చేసి మొదలుపెడతాను, చూశాకే టైపు చేస్తాను, అక్షరం అక్షరం. దానికో నిమిషం పడుతుంది. రోజుకు ముప్పై నిమిషాలు తినేస్తున్నావని ఆయన సాధింపు. ముప్పై నిమిషాలు కదా, సార్, ఆ పిల్లవాడి గుండీలకు ఒక్క పొద్దున పట్టేంత. ఈ మాట ఎప్పుడూ పైకి అనలేదు. ఇవాళ నాలిక చివరిదాకా వచ్చింది.

ఎంతైంది, పన్నెండు కావడానికి రెండు నిమిషాలు. తలుపు ఓరగా తెరిచి చూస్తే ఆవిడ నడుస్తూనే ఉంది. ఈత నేర్పే టీచరట, భుజాలు వెడల్పు, నడిచే తీరులో ఎక్కడా మెతకదనం లేదు, కుర్చీల మధ్య దారి తనదే అన్నట్టు నడుస్తోంది. వెనకే వాళ్ళ అత్తగారు, చేతిలో జ్యూస్ సీసా, బిస్కెట్ల పొట్లం, ఇంకో గుక్క తాగవే, ఇంకోటి తినవే అని, మధ్యలో పొట్టవైపు వంగి, ఇదిగో, డాక్టరమ్మ పిలుస్తోంది, ఇటు తిరుగు, మీ నాన్న కూడా ఇంతే, పిలిస్తే ఒక్కసారికి పలికినవాడు కాదు అని. ఎదురు కూర్చున్నవాళ్ళు నవ్వుతున్నారు. నన్ను చూసి టీచరు ఆగింది. నేరుగా వచ్చింది, అసలు సంగతేమిటో తనకు చెప్పమంది, పెద్దాయన ఏమీ లేదన్నారు, మీరు మళ్ళీ నడవమన్నారు, ఎవరి మాట నమ్మాలి అంది. ఇలాంటప్పుడు ఏం చెప్పాలో మాకు నేర్పారు, బిడ్డ పొజిషన్ బాగాలేదు అనాలి, నవ్వాలి, తలుపు వేసుకోవాలి. నేను తలుపు వెయ్యలేదు. మెదడులో ఒక చోటు కనిపించలేదని చెప్పాను. అక్కడ ఉండాల్సింది ఉందో లేదో నాకు తెలియదు, తెలియదు కాబట్టే ఉందని రాయనన్నాను. లేకపోతే ఏమవుతుందో అడిగింది, చెప్పాను, కొందరు పిల్లలకు కష్టమే, కొందరికి పెద్దగా తేడా ఉండదు, ఎవరికేదో కడుపులో ఉండగా ఎవరూ ఖాయంగా చెప్పలేరని చెప్పాను. అత్తగారి చేతిలో పొట్లం ఆగిపోయింది. టీచరు మొహం పాలిపోయింది, కానీ పడిపోలేదు, ఏడవలేదు, తిండి మానేస్తానని అనలేదు. తలుపు చెక్క మీద అరచెయ్యి ఆనించి, కాసేపు ఊపిరి లెక్కపెట్టుకుంది.

"నీళ్ళ అడుగున పడ్డది కనపడకపోతే లేదని కాదుగా. మళ్ళీ దూకుతాం, అంతేగా," అంది.

అంతే అన్నాను. ఆవిడ మళ్ళీ నడక మొదలుపెట్టింది, ఈసారి ఇంకా వేగంగా. చూశారా సార్, బెదిరింది, నిజమే, బెదిరి నిలబడింది. బెదరడం కూడా ఆవిడ హక్కే, దాన్ని మీరెందుకు దాచిపెడతారు. అలా అనుకుంటూ వచ్చి మళ్ళీ కుర్చీలో కూలబడ్డాను, ఇప్పుడు మొదలైంది అసలు భయం. ఆయన చెప్పిందే నిజమైతే. ముప్పయ్యేళ్ళ చెయ్యి అది, అర నిమిషంలో, నాకు నలభై నిమిషాల్లో కనిపించనిది కనిపించి ఉంటే. ఇంతసేపూ ఈవిణ్ణి గుండెలు అరచేతిలో పెట్టుకునేలా తిప్పినందుకు, చివరికి అన్నీ బాగున్నాయని తేలితే, వరండాలో అందరూ ఏమంటారు, చాదస్తమంటారు, ఆ పాత సంగతి నెత్తికెక్కింది పాపం అంటారు. తేలకపోతే, ఆ కిటికీ తెరుచుకుని అవతల వంతెన లేకపోతే, ఆ మాట ఆవిడ మొహంలోకి చూసి చెప్పాల్సింది నేనే, అప్పుడు ఈ పొగరు ఎక్కడ దాక్కుంటుందో. మా అమ్మ ఉంటే నీకిదంతా ఎందుకే, నలుగురితో నారాయణా అనరాదూ అనేది. అనలేనమ్మా. నలుగురూ చూసి అంటే నేనూ అంటాను, ఒక్కరూ చూడలేదు. ఉందనీ లేదనీ కాదు నా పంతం, చూడాలని. ఏది కనిపిస్తే అది రాస్తాను, నేను తప్పయినా సరే, రేపట్నుంచి రాళ్ళే మిగిలినా సరే. 

పన్నెండుంపావుకు జెల్ అక్క ఆవిణ్ణి తీసుకొచ్చి పడుకోబెట్టింది, సీసా వేడిని తన మణికట్టు మీద చూసుకుని మరీ ఇచ్చింది, మామూలుగా అంత చూడదు. అత్తగారు కాళ్ళ దగ్గర నిలబడింది. పెద్దడాక్టరుగారు వచ్చి నా వెనక నిలబడ్డారు, ఆయన ఊపిరి నా తల మీద తగులుతోంది. స్క్రీన్‌ను టీచరు వైపు కూడా కనిపించేలా తిప్పాను, ఇక్కడ అలా తిప్పరు. ప్రోబ్ ఆనించాను, పెన్సిల్‌లా పట్టుకుని. బిడ్డ తిరిగింది. పూర్తిగా కాదు, పక్కకు, ఒక చెయ్యి మొహానికి అడ్డం పెట్టుకుని, నాకు అది చాలు. గీతలు కనిపించాయి, మూడు, మళ్ళీ అవే మూడు. మణికట్టు రవ్వంత పైకి ఎత్తాను. మూడో గీత కరిగిపోయింది. రెండు గీతలు, మధ్యలో చీకటి, చిన్నది, నిండుగా, నాలుగు మూలలతో. నమ్మలేదు, కంటికి తొందరెక్కువ. మాడు వెతికి పట్టుకుని పక్కనుంచి చూశాను, వంతెన ఉంది, ముందు నుంచి వెనక దాకా, ఎక్కడా తెగకుండా ఉంది, రంగు వేస్తే దాని మీద ఎర్రగా ఆ విల్లు. వేలుపెట్టి ఆవిడకు చూపించాను, ఇదీ పెట్టె, ఇదీ వంతెన, ఇందాక కనిపించని చోటు ఇదే. ఆవిడ రెండు చేతులతో మొహం కప్పుకుంది, ఇప్పుడు ఏడ్చింది, అత్తగారు ఆ పాదాలు పట్టుకుని ఊపుతూ, చెప్పానా, వాళ్ళ నాన్నే, నాలుగుసార్లు పిలవాలి అంది. నా కళ్ళు కూడా తడయ్యాయి. పద్దెనిమిదేళ్ళ కిందటిలాగే, ఆయన చూడనట్టు ఊరుకున్నారు. తరవాత నా కుర్చీ వీపు మీద వేళ్ళతో తట్టారు.

"ఉందని నేను చెప్పలేదా అమ్మాయ్?"

"చెప్పారు సార్. నేను చూశాను."

 ఆయన ఆ వంతెననే చూస్తూ నిలబడి, తన గదికి వెళ్ళిపోయారు. రాళ్ళ సంగతి ఎత్తలేదు, రేపు ఎత్తుతారేమో, ఎత్తనీ. నేను ఖాళీగా ఉన్న చోట అక్షరం అక్షరం టైపు చేశాను, పెట్టె కనిపించింది, వంతెన కనిపించింది, రెండుసార్లు చూడబడింది అని, కింద సంతకం పెట్టాను. టీచరు కాగితం తీసుకుని, ఆ వాక్యం నిలబడి చదువుకుని, నా చెయ్యి ఒకసారి గట్టిగా నొక్కి వెళ్ళింది. బయట కుర్చీలన్నీ నిండే ఉన్నాయి. తరవాతి ఆవిణ్ణి పిలవమని జెల్ అక్కతో చెప్పి, కొత్త ఫారం తెరిచాను. ఇంకా గదిలో అడుగే పెట్టని ఆవిడ బిడ్డకు మెదడులో అన్నీ ఉన్నాయని, సరిగా ఉన్నాయని, అప్పటికే రాసి ఉంది. చెరిపేశాను.